జల్లెడ పట్టిన తూటాలు

రక్షణ కేంద్రంలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. అందరికీ ఆమె నిదానం. తినడం నిదానం, మెట్లు దిగడం నిదానం, అడిగినదానికి బదులు చెప్పడం మరీ నిదానం. తాడు తుపాకీ బాధ్యత ఆమెకు అప్పగించిన రోజున, అక్కడే తాళ్ళ పని చూసే ఆమె సొంత తమ్ముడే, "మా అక్క గురి చూసేలోపు మునిగేవాళ్ళు ఈత నేర్చుకుని ఒడ్డుకొచ్చేస్తారు" అని అందరినీ నవ్వించాడు. ఆమె కూడా నవ్వింది, కాస్త ఆలస్యంగా.

రక్షణ కేంద్రం రేవు చివర, అలల్ని ఆపే రాతికట్ట మీద ఉంది. కట్టకు అవతల నీళ్ళలో రాళ్ళ గుంపు. గాలివానలో అదుపు తప్పిన పడవ ఏదైనా ఆ రాళ్ళమీద చిక్కుకుంటే రక్షణ పడవ దగ్గరికి వెళ్ళలేదు, వెళ్తే అదీ చిక్కుకుంటుంది. అప్పుడిక తాడు తుపాకీ ఒక్కటే దిక్కు. దాని తూటాలో గుండు ఉండదు, మందు మాత్రమే ఉంటుంది. ఆ మందు పేలితే ఒక ఇనుపకడ్డీ సన్నతాడును లాక్కుంటూ పడవమీదికి ఎగురుతుంది. పడవలోవాళ్ళు ఆ తాడు అందుకుని లాగితే దాని వెనకే లావుపాటి మోకు వెళ్తుంది. మోకును అక్కడ గట్టిగా కట్టారంటే, దానిమీద జారే రింగులో కూర్చోబెట్టి మనుషుల్ని ఒక్కొక్కరిగా ఒడ్డుకు లాగవచ్చు.

పాత తూటాలకు గడువు తీరిందని పైఆఫీసు వాటిని వెనక్కి తీసుకుని, ఫ్యాక్టరీ నుంచి కొత్తవి పంపింది. మొదటి పెట్టె విప్పి సాధన మొదలుపెట్టిన రోజున సముద్రం పళ్ళెంలో నీళ్ళలా కదలకుండా ఉంది. నిదానం తుపాకీ ఎత్తి గురి చూసి ట్రిగ్గర్ నొక్కింది.

టిక్. అంతే.

"తుస్సుమంది" అంటూ తమ్ముడు చెయ్యి చాచాడు. "ఇలా ఇవ్వక్కా, అది తీసేసి ఇంకోటి పెడతా."

"ముట్టుకోకు."

"పేలలేదుగా!"

"ఇంకా పేలలేదు" అంది ఆమె. గొట్టాన్ని సముద్రం వైపు నుంచి కదల్చలేదు. తమ్ముడు విసుగ్గా ఆకాశం చూశాడు, చెవి గోక్కున్నాడు, నోరంతా తెరిచి ఆవలించాడు. ఆ ఆవలింత సగంలో ఉండగా తుపాకీ ఢామ్మని పేలింది. కడ్డీ ఈలవేస్తూ నీళ్ళమీదికి దూసుకుపోయింది.

తమ్ముడు ఉన్నచోటే చతికిలబడ్డాడు. తన కుడిచేతిని తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"అక్కా, నేను దాన్ని చేత్తో లాగబోయాను."

"తెలుసు. లే, ఇంకోటి పెడదాం. ఈసారి అందరూ వెనక నిలబడండి."

తరువాతివి రెండు మూడు బాగానే పేలాయి. ఇంకొకటి మాత్రం దగ్గినట్టు చిన్న చప్పుడు చేసి, కడ్డీని కట్ట పక్కనే నీళ్ళలో పడేసింది. నిదానం పెట్టె మూసి సూపరింటెండెంటు గదిలోకి మోసుకెళ్ళి ఆయన బల్లమీద పెట్టి, జరిగింది చెప్పింది.

"ఇవి పనికిరావు సార్."

సూపరింటెండెంటు మంచివాడే. కాకపోతే పైవాళ్ళతో మాట పడటమంటే ఆయనకు చలిజ్వరం. "ఏదో ఒకటీ అరా తేడా వచ్చిందని మొత్తం వద్దంటే ఎలాగమ్మా? బాగున్నవే ఎక్కువంటున్నావుగా. ఇవి కూడా లేకపోతే మన చేతిలో మిగిలేది ఉత్త తుపాకీ."

"ఏది పేలుతుందో తెలియనప్పుడు ఇప్పుడున్నదీ ఉత్తదే సార్. తాడు వస్తుందనుకుని పడవలోవాళ్ళు చేతులు చాచి నిలబడతారు. వాళ్ళకి ఒకటీ అరా అని చెప్పలేం కదా."

ఆయన కాసేపు పెట్టెవైపు, కాసేపు ఆమెవైపు చూసి ఫోను అందుకున్నాడు.

ఫ్యాక్టరీలో సరుకు నాణ్యత చూసే మేడం ఫోన్లోనే తేల్చేసింది: మీ గోదాము సముద్రం ఒడ్డున ఉంది, చెమ్మ తగిలుంటుంది, తప్పు నిలవచేసినవాళ్ళదే. అయినా వచ్చి చూస్తానంది. చెప్పినట్టే రెండు బస్సులు మారి, భుజాన బరువైన సంచితో దిగింది. పరిచయాలయ్యాక, "నమస్తే నిదానంగారూ" అంది, అదే అసలు పేరనుకుని. తమ్ముడు తలుపు వెనక్కి వెళ్ళి నవ్వుకున్నాడు.

ముందు గోదాము చూసింది మేడం. గోడలు తడిమింది, మూలలు వాసన చూసింది. గది పొడిగానే ఉంది. కానీ ఆమె అంత తేలిగ్గా వదిలిపెట్టే మనిషి కాదు. "విప్పిన పెట్టె సంగతి నేను నమ్మను. సీలు తీయని పెట్టె ఒకటి ఇవ్వండి. నేనే విప్పుతాను, మీరు కాల్చండి" అంది.

"అదే న్యాయం" అంది నిదానం.

మేడం తన చేత్తో సీలు తెంచింది. నిదానం కట్టమీద నిలబడి ఒక్కొక్కటే కాల్చింది. టిక్కుమన్న ప్రతిసారీ గొట్టం దించకుండా ఆగాల్సినంత సేపూ ఆగి, పేలని తూటాను నీళ్ళ బకెట్లో వేసింది. ఒకటి పేలలేదు. ఒకటి ఆలస్యంగా పేలింది. ఇంకొకటి దగ్గి ఊరుకుంది. మేడం మొహం మారిపోయింది. తాను సీలు తెంచిన పెట్టెను మరోసారి తిప్పి చూసింది.

"మా సరుకే" అంది చివరికి. "మీ గోదాముకి నేను క్షమాపణ చెప్పుకోవాలి."

"గోదాముకి తరువాత చెబుదురుగానీ, ముందు ఎందుకో చూద్దాం రండి" అంది నిదానం.

భోజనాల బల్ల మీద గిన్నెలు పక్కకు జరిపి, కిటికీ వెలుతురులో తూటాల్ని అడుగుపైకి వచ్చేలా నిలబెట్టారు. ప్రతి తూటా అడుగునా ప్రైమర్ అనే చిన్న రాగిబిళ్ళ ఉంటుంది. తుపాకీ లోపలి సుత్తి తగిలితే ముందు అంటుకునేది అదే. దాని చుట్టూ చెమ్మ చొరబడకుండా ఎర్ర లక్క పూస్తారు; అది లేకపోతే గది పొడిగా ఉన్నా దారిలో తగిలే సముద్రగాలి తేమే చాలు పాడవడానికి. నిదానం తన అలవాటు ప్రకారం ఒక్కోదాన్నీ తిప్పి తిప్పి చూస్తూ పోయింది. కొన్నిటికి ఆ ఎర్రగీత గుండ్రంగా పూర్తిగా ఉంది. కొన్నిటికి చంద్రవంకలా సగమే ఉంది. కొన్నిటికి అసలే లేదు.

"ఇదిగో, ఇక్కడుంది దొంగ!" అన్నాడు తమ్ముడు.

"ఒక దొంగ" అంది నిదానం. "ఒక్కడేనో కాదో నీళ్ళని అడుగుదాం."

లక్క నిండుగా ఉన్నవి ఒక బకెట్లో, లేనివి ఇంకో బకెట్లో ఉప్పునీళ్ళు పోసి నానబెట్టారు. మరునాడు కాల్చి చూస్తే లక్క లేనివి దాదాపు అన్నీ మొరాయించాయి. నిండుగా ఉన్నవి వరసగా పేలుతుంటే సూపరింటెండెంటు చప్పట్లు కొట్టబోయాడు. అంతలో నిండు లక్క ఉన్న తూటా ఒకటి దగ్గి, కడ్డీని సగం దారిలో జారవిడిచింది. ఆయన చేతులు గాలిలోనే ఆగిపోయాయి.

"ఇదేమిటమ్మా, మళ్ళీ మొదటికొచ్చామా?"

ఈసారి తోచింది మేడానికి. సంచిలోంచి చిన్న త్రాసు తీసి, గాలి తగలకుండా కిటికీ మూయించి, మిగిలిన తూటాల్ని తూయడం మొదలుపెట్టింది. చూపుకి కవలపిల్లల్లా ఉన్నవాటిలో కొన్ని తేలిపోయాయి. "మందు తక్కువ పడింది" అంది, పళ్ళు బిగించి. "లక్క పూసే మిషనూ సరిగ్గా లేదు, మందు పోసేదీ సరిగ్గా లేదు. ఇవి ఇంకెన్ని కేంద్రాలకు వెళ్ళాయో!" అక్కడినుంచే ఫోను చేసి, ఆ బ్యాచ్ పంపిన ప్రతిచోటా వాడకం ఆపమని చెప్పింది. అవతల ఎవరో పెద్ద గొంతుతో అరుస్తున్నారు. "అరవండి సార్, అరిచాక ఆపండి" అని పెట్టేసింది.

ఆ తరువాత ఇద్దరు ఆడవాళ్ళూ బియ్యంలో రాళ్ళేరినట్టు పెట్టెలన్నీ ఏరారు. లక్క జల్లెడ, బరువు జల్లెడ. రెండూ దాటి నిలిచినవాటికి ఒక చిన్న డబ్బా సరిపోయింది. మిగతావాటిని ఇనుపపెట్టెలో వేసి తాళం పెట్టారు.

"వీటిని నమ్మొచ్చా?" అని డబ్బా చూపించి అడిగాడు సూపరింటెండెంటు.

"వీటిమీద అనుమానం తక్కువ సార్" అంది నిదానం. "ఇందులోనూ ఒకటి మొండికేస్తుందనుకునే సిద్ధంగా ఉండాలి."

అందుకని తాడు చుట్టలూ కడ్డీలూ ఒకటికి మూడు సిద్ధం చేసి పెట్టింది. తూటా మొరాయిస్తే ఎవరు ఏం చేయాలో తమ్ముడితో, మిగతావాళ్ళతో మళ్ళీ మళ్ళీ చేయించింది. "అక్కా, నిద్దట్లో కూడా బకెట్టు పట్టుకుంటున్నానంట, నీ మరదలు నవ్వుతోంది" అని వాపోయాడు తమ్ముడు. మేడం ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది, కొత్త బ్యాచ్ తన చేత్తో పరీక్షించి పంపుతానని.

ఆ కొత్త బ్యాచ్ ఇంకా దారిలో ఉండగానే గాలివాన వచ్చింది.

మిట్టమధ్యాహ్నమే ఆకాశం నల్లబడింది. ఇంజను ఆగిపోయిన సరుకుల పడవ ఒకటి కొట్టుకొచ్చి, అందరూ చూస్తుండగానే రాళ్ళమీదికెక్కి పక్కకు ఒరిగింది. పైభాగాన్ని పట్టుకుని మనుషులు వేళ్ళాడుతున్నారు. అల వచ్చినప్పుడల్లా కనిపించకుండా పోతున్నారు, మళ్ళీ కనిపిస్తున్నారు. రేవులో జనమంతా కట్టమీదికి పరుగెత్తుకొచ్చారు.

నిదానం డబ్బాలోంచి తూటా తీసి పెట్టింది. గాలి ఎటు లాగుతోందో చూసి, పడవకు బాగా ఎడంగా గురిపెట్టి కాల్చింది. ఢామ్! తూటా శుభ్రంగా పేలింది. కానీ సరిగ్గా అప్పుడే గాలి విసురు పెరిగి తాడును పడవ దాటించి అవతల నీళ్ళలో పడేసింది. జనం ఉసూరుమన్నారు. తమ్ముడు అప్పటికే రెండో చుట్ట ఆమె పక్కన పెట్టేశాడు.

రెండో తూటా. గురి. టిక్.

"అయ్యో!" అని కట్టంతా అరిచింది. "తీసెయ్యండి! ఇంకోటి పెట్టండి!" పడవ మళ్ళీ ఒకసారి మూలిగి ఇంకాస్త ఒరిగింది. సూపరింటెండెంటు ఆమె భుజం దగ్గరికొచ్చి, "అమ్మా, టైం లేదు" అన్నాడు.

నిదానం గొట్టాన్ని సముద్రం వైపే పట్టుకుని నిలబడింది. ఆమె మోచేతులు నొప్పితో అదురుతున్నాయి. ఇది నా చేతిలో పేలితే మూడోది కాల్చడానికి చేతులుండవు, ఆ మనుషులకు ఇక ఎవరూ ఉండరు. ఆ ఒక్క మాటనే మనసులో గట్టిగా పట్టుకుంది. వెనక్కి తిరిగి జనాన్ని ఆపుతున్నది తమ్ముడే. "ఎవ్వరూ ముందుకు రావద్దు! మా అక్క చెప్పేదాకా ఎవ్వరూ కదలొద్దు!"

ఆగాల్సినంత సేపూ ఆగింది. తూటా తీసింది, తమ్ముడు పట్టిన బకెట్లో వేసింది, మూడోది పెట్టింది. ఇదంతా ఎంత చకచకా జరిగిందో చూసినవాళ్ళు నోళ్ళు తెరిచారు. ఈసారి గాలి విసురు వచ్చి తగ్గేదాకా ఊపిరి బిగబట్టి, తగ్గిన ఆ క్షణంలో నొక్కింది.

ఢామ్!

కడ్డీ నల్లటి ఆకాశంలోకి లేచి, వంపు తిరిగి, తాడును సరిగ్గా ఒరిగిన పడవకు అడ్డంగా పరిచింది. అటువైపు నుంచి ఒక చెయ్యి దాన్ని ఒడిసిపట్టుకుంది. కట్టమీద లేచిన కేక ముందు గాలివాన గొంతు చిన్నబోయింది.

మోకు వెళ్ళింది, రింగు వెళ్ళింది. మొదట వచ్చినవాడు పడవలో వంటవాడు. రాతికట్టను రెండు చేతులతో కావలించుకుని వదలనంటే వదలనన్నాడు. తరువాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. అందరికంటే ఆఖరున వచ్చాడు పడవ కెప్టెన్, ఏనుగులాంటి మనిషి. మోకు లాగేవాళ్ళకు నడుములు విరిగినంత పనైంది. "నువ్వు కాస్త తక్కువ తినుంటే ఇందాకే వచ్చేవాడివి కదయ్యా" అన్నాడు తమ్ముడు. ఆ మనిషి ఏడుస్తూ నవ్వాడు. ఒక్కరు కూడా తగ్గకుండా అందరూ వచ్చేశారు.

భోజనాల గదిలో దుప్పట్లు కప్పుకున్న మనుషులు వేడివేడి టీ గ్లాసులు పట్టుకుని కూర్చున్నారు. జనం తలుపుల్లో, కిటికీల్లో కిక్కిరిసిపోయారు. సూపరింటెండెంటు ఫ్యాక్టరీకి ఫోను చేసి, పైవాళ్ళ సంగతే మరిచిపోయి, చిన్నపిల్లాడిలా అరిచి అరిచి చెప్పాడు. ఆ తరువాత ఫోను నిదానానికి ఇచ్చాడు.

"నిదానంగారూ" అంది మేడం. "ఆ బ్యాచ్ అన్నిచోట్ల నుంచీ వెనక్కి వచ్చేసింది. ఒక్కటి కూడా బయట లేదు. మిషన్లు రెండూ విప్పి బాగుచేయించాం. మీ కొత్త పెట్టెలు రేపు చేరతాయి."

"రానివ్వండి మేడం. వాటిని కూడా నానబెట్టి చూస్తా."

"చూడండి, చూడాల్సిందే. ఒకటి మొండికేసిందట కదా, దాన్ని నాకు పంపండి. లక్క ఉండీ, బరువుండీ ఎందుకు పేలలేదో తెలిసేదాకా నాకు నిద్రపట్టదు."

"పంపిస్తా. తూటాలు చేసినవాళ్ళు పక్కన ఎవరైనా ఉన్నారా?"

"అందరూ ఇక్కడే ఉన్నారు. మిషన్లు ఆపి వింటున్నారు."

నిదానం ఫోనును చెవి దగ్గర నుంచి తీసి, గది మధ్యకు చాచి పట్టుకుంది. "మీ అందరూ ఒడ్డుకొచ్చారని వాళ్ళకి ఓసారి వినిపించండి" అంది. దుప్పట్లు జారిపోతుంటే కెప్టెన్, వంటవాడు, పడవవాళ్ళంతా లేచి నిలబడి గొంతులు పగిలేలా కేక వేశారు. ఫోనులోంచి అవతలి కేక కూడా అంత గట్టిగానే వినపడింది.