ఎనిమిదో నంబరు బూట్లు

మీటింగు కాగితాలకు పిన్నులు కొడుతూనే ముత్యాలమ్మ ఎదుటి కుర్చీలో అమ్మాయిని ఓరకంట చూసింది. ముత్యాలమ్మ అన్నది ఆవిడ అసలు పేరు కాదు. ఇంజనీరింగ్ చదువుతూ ఈ ఫ్యాక్టరీకి ఇంటర్న్‌షిప్‌కి వచ్చినప్పుడు, "ముత్యాల్లాంటి రాతమ్మా నీది, ఆఫీసులో కూర్చో" అన్నారు. పేరు అలా అంటుకుపోయింది, ఆ రాతే కొంప ముంచింది. ఆ కుర్చీలోనే ఉద్యోగమొచ్చింది, ఆ కుర్చీలోనే తల నెరిసింది. గేర్‌బాక్సు బొమ్మ కళ్లు మూసుకుని గీయగలదు గానీ, మూత విప్పి లోపలికి ఎన్నడూ చూసిన పాపాన పోలేదు.

ఇప్పుడీ అమ్మాయి. ఈమెతో పాటు ఇంటర్న్‌షిప్‌కి వచ్చిన మగపిల్లలు కింద మెషీన్లుండే షాపులో మోచేతుల దాకా గ్రీజు పూసుకుని, మేస్త్రీని "అన్నా" అనేంత చనువు సంపాదించారు. ఈ పిల్ల నేర్చుకున్నదల్లా స్లైడ్లకు రంగులు వేయడం, మేనేజరుగారికి కోపమొస్తే ఎలా నవ్వాలో. ఇవాళే ఆఖరి రోజు. ఇవాళ దాటితే ఈమెకూ ఎక్కడో ఒక కుర్చీ ఖాయం.

"షాపులోకి ఒక్కసారి పంపమన్నాను మేడమ్. నా కాలికి సరిపోయే బూట్లు లేవన్నారు. అన్నిట్లోకీ చిన్నది ఎనిమిదో నంబరట."

ముత్యాలమ్మ చేతిలో పిన్ను వంకరపోయింది. తనకూ ఇదే మాట చెప్పారు. గట్టి బూట్లు లేనిదే షాపులో అడుగు పెట్టకూడదన్నది రూలు. ఆడవాళ్ల కొలతవి తెప్పించమని ఏటా అడిగింది. ఏటా "వచ్చేసారి చూద్దాం" అన్నారు. ఒళ్లు మండిపోయింది.

"ఉండిక్కడే" అని స్టోర్సుకి వెళ్లింది.

"మీకు పెద్దవవుతాయమ్మా" అన్నాడు స్టోర్సు గుమాస్తా.

"అవనీ. చాలకపోతే బాధ గానీ, ఎక్కువైతే కుక్కుకోవచ్చు."

రెండు జతలు తెచ్చి, మెషీన్లు తుడిచే కొత్త గుడ్డలు ఉండలు చుట్టి లోపల కుక్కింది. తానూ తొడుక్కుని, అమ్మాయికీ లేసులు బిగించి, అటూ ఇటూ నడిపించి చూసింది. జారలేదు.

"మరి స్లైడ్లు మేడమ్?"

"అవెక్కడికీ పారిపోవులే. పద."

షాపు గుమ్మంలో మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు. "మేనేజరుగారు నన్ను తిడతారమ్మా."

"నా పేరు చెప్పు."

మేస్త్రీ బుర్ర గోక్కున్నాడు. ఆవిడ అసలు పేరేమిటో ఆయనకూ తెలియదు.

ఆయన్ని దాటుకుని వెళ్లి, మరమ్మతుకు ఆపి ఉంచిన గేర్‌బాక్సు దగ్గర అమ్మాయి పానా చేతికి తీసుకుంది. మగపిల్లల్లో ఒకడు మర్యాదగా దాన్ని అందుకోబోయాడు. "నేను విప్పి చూపిస్తా మేడమ్."

"చేతులు జేబులో పెట్టుకో నాయనా. విప్పి చూసుకోవడం మాకూ వచ్చు."

మొదటి బోల్టు మొరాయించింది. అమ్మాయి ఒంటి బరువంతా పానా మీద వేసింది. వేలి కణుపులు చెక్కుకుపోయాయి. బోల్టు కదలగానే సంబరంగా కేక పెట్టింది. మూత లేచాక ముత్యాలమ్మ లోపలికి వంగింది. ఇన్నేళ్లూ తను గీసిన పళ్లచక్రాలు నల్లటి నూనెలో మునిగి ఉన్నాయి. ఈ వాసన తెలియకుండానే ముసలిదైపోయేది కదా! ఏడుపొచ్చింది, అంతకంటే ఎక్కువ కోపమొచ్చింది. మోచేతి దాకా చెయ్యి పెట్టేసింది.

ఫోను మోగితే నూనె చేత్తోనే ఎత్తింది. అవతల మేనేజరుగారు.

"ఏమ్మా, మీటింగు మొదలైంది. నోట్సు ఎవరు రాస్తారు?"

"నాకు చేతులు ఖాళీ లేవు సార్. ఈసారి మీరే రాసుకోండి."

సాయంత్రం అమ్మాయి ఆ బూట్లతోనే బస్సెక్కి వెళ్లిపోయింది. విప్పించబోయిన గుమాస్తాను ముత్యాలమ్మ ఒక్క చూపు చూసింది. ఆ తర్వాత షాపులోకే తిరిగి నడిచింది. మూత బిగించే పని ఇంకా మిగిలి ఉంది.

మేడ మీద ఆఫీసులో లైట్లార్పబోతూ అటెండరు ఆమె బల్ల కిందికి వంగి చూశాడు. మడమల దగ్గర అరిగిన ఆడవాళ్ల చెప్పులు, ఒకటి తిన్నగా, ఒకటి బోర్లా పడి ఉన్నాయి.