గేదెల చెవులు చదివిన స్కానర్‌ను

నేను ఒక తుపాకీని అనుకుని మొదటిరోజే ఒక గేదె తాడు తెంపుకుని పారిపోయింది. కాను. బార్‌కోడ్ స్కానర్‌ను. పిడి ఉంది, మీట ఉంది, నొక్కితే ముక్కులోంచి ఎర్రటి వెలుగు వస్తుంది. ఫ్యాక్టరీలో మేమందరం పెద్ద దుకాణాల్లో చల్లగా కూర్చుని సబ్బులూ బిస్కెట్లూ చదువుకుంటామని కలలు కన్నాం. నాకు మాత్రం కొల్లేటి పక్కన ఒక పాల సంఘం రాసిపెట్టి ఉంది.

అక్కడి గేదెల చెవులకు పసుపుపచ్చ ప్లాస్టిక్ పోగులుంటాయి. పోగు మీద నల్ల గీతలు, కింద పన్నెండు అంకెలు. టీకా వేసినప్పుడల్లా గుమాస్తా కోదండపాణి గారు ఆ అంకెలు రాసుకొచ్చి, బ్రౌజర్‌లో తెరుచుకునే సంఘం పేజీలో ఒంటివేలితో కొట్టేవారు. ఏడు ఒకటయ్యేది. దూడకు వేసిన టీకా దున్నకు చేరేది. ఆ పేజీ తయారుచేసిన ప్రసూన ఏలూరు నుంచి వచ్చి నన్ను ల్యాప్‌టాప్‌కు తగిలించింది.

"ఇక మీరు కొట్టక్కర్లేదు బాబాయ్ గారూ. ఇదే చదివి ఇదే కొడుతుంది" అంది.

ఇరవై ఏళ్ల ఒంటివేలికి ఆ మాట ముల్లులా గుచ్చుకుంది.

నా తీగ రెండు బారలే. అందుకని గేదెలనే సంఘం అరుగు దగ్గరికి తోలుకొచ్చేవారు. నాలో ఒక లోపం ఉంది, దాచను. తెర మీద కర్సర్ గీత ఎక్కడ మిణుకుమంటే అక్కడే కొట్టేస్తాను. అది ఏ గడి అని అడగను. చివర ఎంటర్ కూడా నేనే నొక్కుతాను. ఒకసారి కోదండపాణి గారు అధ్యక్షుడికి సెలవుచీటీ కొడుతుండగా ఎవరో నా మీట నొక్కారు. "మా మామగారికి ఒంట్లో" అన్నచోట పన్నెండు అంకెలు పడి చీటీ వెళ్లిపోయింది. అది రక్తపోటేమోనని కంగారుపడి అధ్యక్షుడు బత్తాయిలు పట్టుకుని పరామర్శకు వెళ్లాడు. మామగారు ఇంటి అరుగు మీద జంతికలు నములుతున్నాడు.

అది నవ్వుకునే తప్పు. రెండోది కాదు. వెంకాయమ్మ గేదె మేతకెళ్లి, కాలువ అవతలి ముత్యాలు మందలో కలిసింది. ఈనడానికి సిద్ధంగా ఉన్న గేదె. ఆవిడకు అదొక్కటే ఆధారం. అది తనదే అన్నాడు ముత్యాలు. నలుపులో నలుపు, ఎవరు తేల్చగలరు? సంఘానికి తోలుకొచ్చారు. చదివాను. యజమాని పేరు ఉండాల్సిన చోట పన్నెండు అంకెలు వచ్చాయి. అవి ఆ గేదె చెవివే. నమోదు చేసిన రోజున ఎవరో నా మీట రెండుసార్లు నొక్కారు, రెండోసారి గీత పేరు గడిలో మిణుకుమంది కాబోలు.

కోదండపాణి గారు అదే పైకి చెబితే వెంకాయమ్మ అడిగింది. "అంటే, నా గేదె దానికదే సొంతమా కోదండం గారూ?"

"అయితే వదిలేద్దారండి. ఎవరెనకాల ఎళ్తే ఆళ్లదే" అన్నాడు ముత్యాలు. అతని గుప్పిట్లో బెల్లం ముక్క ఉంది.

కోదండపాణి గారు బీరువా తెరిచారు. ఇక అక్కర్లేదని ప్రసూన చెప్పినా మానకుండా రాస్తున్న పుస్తకం తెచ్చి, ఒక్కో అంకె మీద వేలు పెట్టి, పోగు చూస్తూ చదివారు. పన్నెండూ కలిశాయి. ఎదురుగా వెంకాయమ్మ పేరు, వేలిముద్ర. ముత్యాలు బెల్లం తనే నోట్లో వేసుకుని వెళ్లిపోయాడు. వెంకాయమ్మ గేదె మెడ పట్టుకుని ఏడ్చింది. గేదె నన్ను నాకింది.

మర్నాడు ప్రసూన వచ్చి, తప్పు తనదేనని ఒప్పుకుని, పేజీకి కొత్త తెలివి నేర్పింది. పన్నెండు అంకెలూ రెప్పపాటులో వచ్చిపడితే అవి నావి, గీత ఎక్కడున్నా పోగు గడిలోకే పోవాలి. నింపాదిగా ఒకటొకటే వస్తే అవి కోదండపాణి గారివి, ఆయన కొట్టిన చోటే ఉండాలి.

"మీ వేగం కొలిచి పెట్టాను బాబాయ్ గారూ" అంది. ఆయన దాన్ని మెప్పుగానే తీసుకున్నారు.

తర్వాత మూడేళ్లు నేను తప్పు చేయలేదు. ఒక మధ్యాహ్నం జారి కుడితి తొట్లో పడ్డాను. కుడితిలో పడ్డ ఎలుకకు సామెత ఉంది, స్కానర్‌కు లేదు. ఇప్పుడు అదే పేజీని ఫోనులో తెరిచి, కెమెరాతో పోగులు చదువుతున్నారు. నేను ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా బల్ల మీద బరువుగా ఉన్నాను.

ఒక్క చిక్కు వచ్చింది. చదవగానే నేను కీచుమనేదాన్ని. ఆ చప్పుడు వింటేగాని పని అయిందని గేదెలు నమ్మేవి కావు. ఫోను మూగది. గేదె కదలదు, వెనక వరుస ఆగిపోతుంది. అప్పుడు కోదండపాణి గారు అటూ ఇటూ చూసి, గేదె చెవి దగ్గరికి వంగి, తనే కీచుమంటారు.

గేదె తలూపి వెళ్లిపోతుంది.