సుబ్బరాజు తుపాకులు ఎవరు తీయించారు

శనివారం పొద్దున్న కనకదుర్గ పెనం మీద పెసరట్టు తిప్పుతుండగా కాలింగ్ బెల్ మోగింది. సుబ్బరాజు తలుపు తీస్తే గుమ్మంలో ఇద్దరు పోలీసులు. ముందున్న ఆవిడ చాలా మర్యాదగా, "మీ షాట్‌గన్ల గురించి మాట్లాడాలి. లోపలికి రావచ్చా?" అని అడిగింది.

ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్ ఊళ్ళో ఆ వీధి మొత్తానికి తుపాకులున్న ఇల్లు బహుశా అదొక్కటే. భీమవరం పక్క రొయ్యల చెరువుల మధ్య పెరిగిన సుబ్బరాజు, ఒకసారి ఆఫీసు వాళ్ళతో సరదాగా క్లే షూటింగుకి వెళ్ళాడు. గాల్లోకి ఎగిరిన నారింజరంగు మట్టిబిళ్ళ తన దెబ్బకి పొడిపొడిగా రాలడం చూసి మనసు పారేసుకున్నాడు. లైసెన్సు తెచ్చుకుని రెండు తుపాకులు కొన్నాడు. వాటిని ఇనప బీరువాలో దాచి, ఆదివారమొస్తే క్లబ్బుకి బయల్దేరేవాడు.

"మీ మనసు బాగోలేదేమోనని ఎవరో కంగారుపడి మాకు చెప్పారు" అంది పోలీసావిడ. "మీరేం తప్పు చెయ్యలేదు. కొన్నాళ్ళు తుపాకులు మా దగ్గర ఉంచుతాం. మీ జీపీ డాక్టరు ఏమంటారో చూసి, తర్వాత మళ్ళీ మాట్లాడుకుందాం."

"ఎవరు చెప్పారు?"

"అది మేం చెప్పకూడదు సార్."

సుబ్బరాజుకి ఒళ్ళు మండింది. అయినా బీరువా తాళం తీశాడు. వాళ్ళు తుపాకులు తీసుకుని, రసీదు రాసిచ్చి వెళ్ళిపోయారు.

"నువ్వేనా దుర్గా?" అన్నాడు వంటింట్లోకి వచ్చి.

"నేనైతే మీ మొహమ్మీదే చెప్పేదాన్నండీ. సరిగ్గా తినట్లేదు, పలకట్లేదు. ఉద్యోగం పోయిన దిగులనుకున్నాను గానీ, తుపాకుల దాకా నా బుర్ర పోలేదు. పోయుంటే నేనే చేసేదాన్నేమో!"

న్యూకాసిల్‌లో చదువుతున్న కూతురు సిరికి ఫోన్ చేశాడు. "నాట్ మీ, డాడ్. బట్ ఆర్ యూ ఓకే?" అంది ఆ పిల్ల. ఇరుగుపొరుగు వాళ్ళకి తుపాకుల సంగతే తెలియదు. జీపీ అనుకుందామా అంటే, ఆయన క్లినిక్కు గుమ్మం తొక్కి చాలా కాలమైంది.

కోపం రాత్రికి చల్లారింది. ఆరా మాత్రం చల్లారలేదు. చెప్పినవాళ్ళకి తనలో ఏం కనిపించింది? అద్దం ముందు నిలబడి మొహం అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. ఎప్పటి మొహమే. నిజానికి లోపల ఒక సంగతుంది. కానీ దాన్ని అతను ఎవరి ముందూ నోరుజారి కూడా అనలేదు. మరి బయటికి ఎలా పొక్కింది?

ఆదివారం చేతులూపుకుంటూ క్లబ్బుకి వెళ్ళాడు. అతనికి తుపాకీ పట్టడం నేర్పిన గ్రహామ్ అక్కడ బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. రిటైరైన లారీ డ్రైవరు, మితభాషి. సుబ్బరాజు ఇంకా నోరు తెరవకముందే, "వెతుక్కోకు. ఫోన్ చేసింది నేనే" అన్నాడు.

సుబ్బరాజు నిర్ఘాంతపోయాడు. "నువ్వా? నాలో ఏం చూశావు గ్రహామ్?"

"పోయిన వారం నీ షూటింగ్ జాకెట్ కొత్తగా చేరినావిడకి ఇచ్చేశావు. ఇక నాకక్కర్లేదన్నావు. తర్వాత ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి చెయ్యి కలిపావు. ఎప్పుడూ దూరం నుంచి చెయ్యూపి పోయేవాడివి."

"అంతమాత్రానికే?"

"అంతే. ఇంటికెళ్ళినా నాకు మనసు నిలవలేదు. పొరపాటైతే నువ్వు నాతో మాట్లాడ్డం మానేస్తావు. మానేస్తే మానేశావులే అనుకున్నాను."

అందరితో చేతులు కలిపిన సంగతి సుబ్బరాజుకి గుర్తే లేదు. తన చేతులు తనకి తెలియకుండానే వీడ్కోలు చెప్పాయా? ఆశ్చర్యంగా వాటిని చూసుకుంటూ బెంచీ మీద కూలబడ్డాడు. ఎదురుగా ఎవరో కాల్చిన బిళ్ళ ముక్కలై గడ్డిలో పడింది.

"పొరపాటు కాదు" అన్నాడు.

గ్రహామ్ ఫ్లాస్కులో టీ కప్పులోకి వంచి అతని చేతిలో పెట్టాడు. "మీ ఆవిడకి తెలుసా?"

"లేదు."

"ఇవాళే చెప్పు."

ఇంటికొచ్చి చెప్పాడు. బీరువా తెరిచినప్పుడల్లా ఏం ఆలోచన వచ్చేదో, దాన్ని ఎలా తోసేసేవాడో, అంతా చెప్పాడు. కనకదుర్గ ఏడుపు ఆపుకుని అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇంత మాట కడుపులో పెట్టుకుని ఎలా తిరిగారండీ?" మర్నాడు జీపీ క్లినిక్కుకి ఆవిడే ఫోన్ చేసి, ఆవిడే తీసుకెళ్ళింది. మాత్రలు మొదలయ్యాయి. వారం వారం కౌన్సిలింగు. మొదట్లో అక్కడ బిగుసుకుని కూర్చునేవాడు. పోనుపోను కౌన్సిలరుని తనే ప్రశ్నలడగడం మొదలుపెట్టాడు. ఇలాంటి ఆలోచనలు ఎక్కణ్ణుంచి వస్తాయి, ఎందుకు పోతాయి అని.

వేసవి దాటాక పోలీసావిడ మళ్ళీ వచ్చింది. డాక్టరు రిపోర్టు బాగుందని, కావాలంటే తుపాకులు తిరిగి ఇస్తామని చెప్పింది.

సుబ్బరాజు ఖాళీ బీరువా వైపు చూశాడు. "మా ఇంట్లో కాకుండా ఇంకెక్కడైనా ఉంచొచ్చా?"

"తుపాకుల డీలరు దగ్గర ఉంచుకోవచ్చు."

"అయితే ప్రస్తుతానికి అక్కడ ఉంచండి."

ఆవిడ వెళ్ళాక కనకదుర్గ ఎదురుగా వచ్చి కూర్చుంది. మళ్ళీ తెచ్చుకుంటారా అని అడగలేదు, వద్దనీ అనలేదు. "తెచ్చేముందు మాత్రం ఇద్దరం అనుకుందామండీ" అంది. సుబ్బరాజు తలూపాడు.