పుల్లలు గుచ్చిన కుండీలు

పరాయి దేశం చూడ్డానికొచ్చి మూడ్రోజులైనా బుడ్డిది చూసింది ల్యాప్‌టాప్ తెరనే. బుడ్డిది అన్నది మేనత్త పెట్టిన పేరు. పిల్ల పెద్ద చదువుకొచ్చినా వదల్లేదు. ఆ అత్తతోనే ఈ టూరు. ఇవాళ పరిశోధన పేపరు కాలేజీకి పంపకపోతే పట్టా ఇంకో ఏడాది వెనక్కి. పదిన్నరకి బస్సు. హోటలు ముందుగది దాటితే వైఫై లేదు. ఇప్పుడు పదింబావు. సోఫా అంచున కూర్చుంటుంది, లేస్తుంది, మళ్లీ కూర్చుంటుంది.

పేపరు మిరప మొక్కల మీద. మేడమీద నలభై కుండీలు. ఇరవైకి రోజూ నీళ్లు, ఇరవైకి నాలుగు రోజులకోసారి. నోరెండిన ఆ ఇరవైలోనూ పద్దెనిమిది బతికాయి. ఆ అంకె చూసి మేష్టారు ఉబ్బితబ్బిబ్బయ్యారు.

ఇంకొక్క వాక్యం రాయాలి.

"అత్తా, నేను పరీక్షలకెళ్లిన రెండు వారాలూ వాటికి నాలుగు రోజులకోసారే పోశావు కదా?"

"ఒక్క చుక్క ఎక్కువ పోస్తే ఒట్టు," అంది అత్త, సంచీ జిప్పుతో కుస్తీపడుతూ. "చచ్చినవాటిని మాత్రం మార్చేశాననుకో."

"మార్చడమేంటి?"

"పక్కింటి మడిలోంచి నారు తెచ్చి నాటాను. వచ్చి చూసి ఏడుస్తావని. ఎంత బాగా వేరు పట్టాయో!"

బుడ్డిదానికి పైప్రాణాలు పైనే పోయాయి. "ఎన్ని?"

"తొమ్మిదో, పదో... గుర్తుకి పక్కన పుల్లలు గుచ్చానుగా."

ఆ పుల్లలు మొక్కకి ఊతమనుకుంది ఇన్నాళ్లూ! ఫోనులో కుండీల పాత ఫొటోలు తెరిచి పుల్లలు లెక్కపెట్టింది. ఒకసారి ఎనిమిది వచ్చింది, ఇంకోసారి తొమ్మిది, మళ్లీ తొమ్మిదే. అన్నీ పచ్చగా నవ్వుతున్నాయి. అంటే ఆ పద్దెనిమిదిలో నిజంగా బతికింది తొమ్మిదే. నీళ్లు తగ్గినా మిరప తట్టుకుంటుందన్న పేపరు కాస్తా కుప్పకూలింది.

"ఎవరికి తెలుస్తుందే? పంపెయ్," అంది అత్త గొంతు తగ్గించి.

వేలు మీట దాకా వెళ్లింది కూడా. కానీ రేపు ఏ రైతో దీన్ని నమ్మి నీళ్లు తగ్గిస్తే? మిరప మడి ఎండిపోవడమంటే ఏంటో వాళ్లింట్లో ఎవరూ ఎవరికీ చెప్పక్కర్లేదు. బుడ్డిది ముగింపంతా చెరిపేసింది.

బయట హారన్. గుమ్మంలో టూరు గైడు. "అమ్మా, బస్సంతా మీకోసమే!"

అత్త దాని మొహం చూసింది, తెర చూసింది, లేచింది. "వస్తున్నా నాయనా, మోకాళ్లు." మెల్లగా వెళ్లి, బస్సు రెండో మెట్టు మీద కడ్డీ పట్టుకుని ఆయాసపడుతూ నిలబడిపోయింది. నిన్న కొండెక్కినవీ ఆ మోకాళ్లే.

లోపల బుడ్డిది చకచకా కొట్టింది: "నేను లేనప్పుడు చనిపోయిన తొమ్మిది మొక్కల చోట మా మేనత్త కొత్తవి నాటారు. వాటిని చనిపోయినవిగానే లెక్కించాను." పంపేసి, పరిగెత్తుకొచ్చి, అత్తని వెనకనుంచి నెట్టి బస్సెక్కించింది.

"మేష్టారు తిడతారా?"

"తిడతారు."

"నన్నా, నిన్నా?"

"పేపరు మీదున్నది నా పేరే."

"నాదీ పెట్టాల్సిందే పిచ్చిమొహమా. సగం తిట్లు నేను తినేదాన్ని."

బస్సు కదిలింది. సిగ్నలే లేని ఫోనుని బుడ్డిది మళ్లీ తెరిచి చూసింది.