బొట్టు పెట్టి పిలిచిన పొత్తు

భుజానికీ చెవికీ మధ్య ఫోను ఇరికించుకుని, ఒక చేత్తో ఉప్మా కలుపుతూ మధులత జంతుశాస్త్ర విభాగం పెద్దను బతిమాలుతోంది. తన కోర్సులో చేపల గురించి పాఠం చెప్పే ఆయన సెలవు పెట్టాడు. ఇంకెవరినైనా పంపమని అడుగుతోంది. మా పిల్లలకు చెప్పడానికే మనుషులు చాలడం లేదు, మీ పిల్లలకు ఎక్కణ్నుంచి తేను అంటోంది అవతలి గొంతు. ఒకే గేటులోంచి వచ్చి ఒకే పంపు దగ్గర నీళ్లు తాగే పిల్లలు ఈ యూనివర్సిటీలో ఎన్ని ఇళ్ల పిల్లలయ్యారో ఆమెకు ఇప్పటికీ అంతుపట్టదు. మాట తెగేసరికి ఉప్మా అడుగంటింది.

భర్త వేణుగోపాలరావు మాడని భాగం పైపైన తీసి వడ్డించుకున్నాడు. సగం తిన్నాక, "ఇవాళేనా?" అని అడిగాడు. ఆమె తలూపింది. మాడు వాసన చీరకు పట్టిందేమోనని పమిట ముక్కుకు ఆనించి చూసుకుంది. పట్టింది. మార్చుకునే తీరిక లేక అలాగే బయల్దేరింది.

ఆమె ఉద్యోగం పేరు పెద్దది. అంతర్విభాగ పీజీ కోర్సులకూ, బయటి సంస్థలతో భాగస్వామ్యాలకూ సంచాలకురాలు. తలుపు మీద బోర్డులో పట్టక అక్షరాలు చిన్నవి చేసి రాశారు. గది మాత్రం మెట్ల కింద. పైనుంచి పిల్లలు పరుగెత్తుకుంటూ దిగితే బల్ల మీద సున్నం రాలుతుంది. చేతి గుడ్డతో తుడిచి పని మొదలుపెట్టడం ఆమెకు అలవాటు.

తీర ప్రాంత అధ్యయనాల ఎం.ఏ. ఆమె చేతుల మీదుగా మొదలైంది. దానికి సొంత అధ్యాపకులు లేరు. ఆర్థికశాస్త్రం వాళ్లనొకరిని, న్యాయశాస్త్రం వాళ్లనొకరిని అడిగి తెచ్చుకోవాలి. పాఠం చెప్పే గది తాళం భూగోళశాస్త్రం వాళ్ల దగ్గర ఉంటుంది. పక్కింటి పొయ్యి మీద వండుకుని, ఎదురింటి గిన్నెల్లో వడ్డించుకునే సంసారం.

గోడనిండా ఒప్పందాల ఫొటోలున్నాయి. చేతులు కలిపి నవ్వుతున్న పెద్దమనుషులు. ఫొటో తీసిన సాయంత్రమే ఆ ఒప్పందాలు చల్లారిపోయాయి. ఫోను చేస్తే ఎత్తేవాళ్లు లేరు. ప్రాణంతో ఉన్నది ఒక్కటే, దానికి ఫొటో లేదు. పొడంపేటలో ఎండుచేపలు అమ్మే ఆడవాళ్ల సంఘంతో చేసుకున్నది. ఏటా పిల్లలు వెళ్లి ఆ ఇళ్లలో ఉంటారు. సముద్రం ఏ ఇల్లు తిన్నదో, ఏ ఇల్లు వదిలిందో రాసుకుని వస్తారు. బదులుగా ఆ ఊళ్లో డిగ్రీ చదివిన పిల్లకు కోర్సులో ఒక సీటు ఇస్తామని మొదటి ఒప్పందంలోనే ఉంది. అప్పట్లో డిగ్రీ చదివిన పిల్ల లేదు. ఇప్పుడు సంఘం పెద్ద జగ్గమ్మ మనవరాలు చిన్నమ్మి పాసైంది. సీటు అడిగితే, అలాంటి సీటు నియమావళిలో లేదన్నారు.

మధ్యాహ్నం మూడింటికి బయటినుంచి పరిశీలకులు వస్తారు. కోర్సు ఉండాలా పోవాలా తేల్చేది వాళ్లే. వాళ్ల ముందు జగ్గమ్మే నోరు తెరిచి అడిగితే కాదనలేరని మధులత నమ్మకం. ఆ సీటు రాకపోతే పొడంపేటవాళ్లు ఇంకొకసారి పిల్లలను గుమ్మం తొక్కనిస్తారని ఆమె అనుకోవడం లేదు. డీన్ ఉదయ్ భాస్కర్ కూడా ఒప్పుకున్నాడు. "పిలవండి మేడమ్. కమ్యూనిటీ పార్టనర్ ఉంటే వాళ్లకి నచ్చుతుంది. కుర్చీ వేయిస్తాను," అన్నాడు.

వస్తానని సంతకం చేసి ఇమ్మంటూ జగ్గమ్మకు పిలుపు కాగితం మొన్న అటెండరు సింహాచలం చేత పంపింది. ఇవాళ గదిలో అడుగు పెట్టేసరికి అతను ఆ కాగితాన్ని మడత విప్పకుండా బల్ల మీద పెట్టాడు.

"ముట్టుకోనేదమ్మా. మేడమ్ని రమ్మన్నాది."

మధులతకు ఒళ్లు మండింది. అందరి గుమ్మాల్లోనూ ఆమే నిలబడాలి. పాఠానికి ఆమే వెళ్లాలి, తాళానికి ఆమే వెళ్లాలి, చివరికి సంతకానికీ ఆమే వెళ్లాలి. జీపు అడిగితే అతిథుల కోసం స్టేషనుకు వెళ్లిందన్నారు. సింహాచలం బావమరిది ఆటో మాట్లాడుకుని ఇద్దరూ బయల్దేరారు.

హైవే మీద లారీల గాలికి ఆటో ఊగుతోంది. ఋషికుల్య నది వంతెన దాటాక మొగలి పొదలు, ఆ వెనక సరుగుడు తోటలు వచ్చాయి. మొదటిసారి ఇదే దారిలో వచ్చినప్పుడు ఆమెకు ఏ పద్ధతీ తెలియదు. ఆడవాళ్లను పిలవాలంటే ఇంట్లో చూసిన పద్ధతే గుర్తొచ్చింది. అత్తగారు దుర్గాంబ వాడే చెక్క కుంకుమ భరిణె తీసుకుని, ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి ప్రారంభోత్సవానికి పిలిచింది. వరసలో ఆఖరి ఇంటి అరుగు మీద కూచున్న మనిషికి కూడా గబగబా పెట్టేసింది. ఆమె మొగుడు పోయిన మనిషని అప్పుడు ఎవరో చెవిలో చెప్పారు. మధులత చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. ఆ మనిషి జగ్గమ్మ. ఆమే ముందుగా నవ్వింది. "ఎట్టేసినావు గదమ్మా. ఇప్పుడు తుడిసేస్తావేటి?" అంది. మర్నాడు అందరికంటే ముందు బస్సు దిగింది, ఆ బొట్టుతోనే.

ఆ కంగారులో భరిణె ఎక్కడో పోయింది. దుర్గాంబ పోయేదాకా ఆ మాట అంటూనే ఉంది.

జగ్గమ్మ గుమ్మంలో కాళ్లు చాపుకుని కూచుంది. పాదాలు వాచి ఉన్నాయి. ఎండకు నల్లబడిన ముఖంలో ముక్కుపుల్ల ఒక్కటే మెరుస్తోంది. ఆటో దిగిన మనిషిని చూసి కూడా లేవలేదు.

"దారి దొరికిందేటి?" అంది.

మధులత అరుగు మీద పక్కనే కూచుంది. పని ఎక్కువైందని, ఒక్క సంతకమే కదా అనుకున్నానని చెప్పింది.

"సంతకానికేటి, ఎవులైనా సేస్తారు. అప్పుడు పెళ్లికి పిలిసినట్టు పిలిసినావు. ఇప్పుడు కరెంటు బిల్లు పంపినట్టు పంపినావు."

సింహాచలం నవ్వబోయి, మధులత ముఖం చూసి ఆటో వైపు తిరిగాడు. ఆమె చేతి సంచి వెతుక్కుంది. పెన్నులు, కళ్లజోడు, తలనొప్పి మాత్రలు ఉన్నాయి. కుంకుమ తేవాలన్న ఆలోచనే ఆమెకు రాలేదు. జగ్గమ్మ ఆ వెతకడం కాసేపు చూసి, లోపల గంగమ్మ పటం దగ్గరుంది తెచ్చుకోమని గడ్డంతో చూపించింది.

పటం ముందు అత్తగారి భరిణె ఉంది. ఇత్తడి అంచు, మూత మీద చిన్న నెర్రె, అదే. మధులత దాన్ని చేతిలోకి తీసుకుని గుమ్మం దాకా వచ్చి నిలబడిపోయింది.

"నువ్వే ఇడిసెల్లినావు," అంది జగ్గమ్మ. "తిరిగొచ్చి అడగనేదు. మా కాడ వల పొత్తు కలుపుకున్నోలు అవతలోలింట్లో తమ సామానొకటి ఉంచుతారు. సదూకున్నోలు, మా పద్దతి తెలిసే ఉంచినావనుకున్నాం."

"ఇప్పుడు పట్టుకుపోతే?"

"పొత్తు తెగినట్టే. పట్టుకెల్తావేటి?"

మధులత మూత తీసింది. కుంకుమ తాజాగా ఉంది. ఏటేటా గంగమ్మ పండక్కి నింపుతున్నారట. వంగి జగ్గమ్మ నుదుట బొట్టు పెట్టింది. ఆ నుదుటికి ఆ బొట్టు మామూలు రోజుల్లో ఉండదని ఆమెకు తెలుసు. ఈ పిలుపు వచ్చిన రోజునే ఉంటుంది.

"నా ఇంటి కుంకం నాకే ఎట్టి పిలుస్తున్నావు. బాగుంది నీ పెత్తనం," అంది జగ్గమ్మ. తర్వాత గొంతు తగ్గించి, "కుర్సీ ఉంటాది గదా? మా గుంట సిన్నమ్మి సంగతి నిలబడి అడిగితే అడుక్కున్నట్టుంటాది," అంది.

"నా పక్కనే ఉంటుంది."

"అయితే ఎల్లు. సీర మార్సుకుని బస్సెక్కుతాను. దీన్ని గూడ తెస్తాను. మీ పెద్దోలికి కాయితాలుంటాయి గదా, మా కాయితం ఇదని సూపిస్తాను."

తిరిగి వచ్చేసరికి సమావేశం గదిలో బల్ల మీద పేర్లు పెట్టి ఉన్నాయి. మధులత పక్క కుర్చీ ముందు జగ్గమ్మ పేరు లేదు. రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ మేనేజరు పేరుంది. ఆ కంపెనీ పేరు ఆమె ఎప్పుడూ వినలేదు. డీన్‌ను వరండాలోకి పిలిచి అడిగింది. నిన్న రాత్రే ఖాయమైందని, పరిశ్రమ పక్కన ఉంటే కోర్సుకు బలమని అతను చెప్పాడు. గది చిన్నదన్నాడు. ఏసీ గది కదా, వాసన అదీ కూడా చూసుకోవాలన్నాడు. పెద్దావిడను సరైన టైముకు పిలుద్దామన్నాడు. మధులత తన పమిట కొంగు చేతిలోకి తీసుకుంది. పొద్దుటి మాడు వాసన ఇంకా ఉంది. దాన్ని ఎవరూ పట్టించుకోలేదు.

లోపల తెర మీద బొమ్మలు మారుతున్నాయి. మేనేజరు సముద్రం గురించి ఆదాయం లెక్కన మాట్లాడాడు. పరిశీలకుల్లో పెద్దాయన మెచ్చుకోలుగా తలాడించాడు. తలుపు అద్దంలోంచి వరండా బెంచీ కనిపిస్తోంది. మధులత రెండోసారి అటు చూసేసరికి జగ్గమ్మ వచ్చి కూచుని ఉంది. చిలకపచ్చ చీర, నూనె రాసి దువ్విన తల, నుదుట బొట్టు. వాచిన కాళ్లను బెంచీ కిందికి మడుచుకుంది. ఒళ్లో ఏదో గుడ్డమూట ఉంది.

మధులత లేచి నిలబడింది. "పొడంపేట నుంచి జగ్గమ్మగారు వచ్చారు. ఆవిడను పిలిస్తే..."

పెద్దాయన, తప్పకుండా, వాళ్ల మాట వినే తీరాలి, టీ తర్వాత స్థిమితంగా విందాం అన్నాడు. డీన్ ఆమె వైపు కూచోమన్నట్టు చూశాడు. తలుపు నాలుగడుగుల దూరంలో ఉంది. వెళ్లి తెరిచి, తన కుర్చీ ఇచ్చి, తాను నిలబడవచ్చు. ఆ ఆలోచన రావడం రావడమే, కోర్సు సంగతి తేలే గంటలో వీళ్లకు కోపం తెప్పించడం దేనికన్న ఆలోచన కూడా వచ్చింది. ఆమె కూచుంది.

టీ వచ్చింది. టీ తాగుతూ మేనేజరు హుమ్మ ఊరి ఉప్పు మళ్ల దగ్గర తమ కొత్త షెడ్డు గురించి చెప్పాడు. కప్పులు బయటికి వెళ్లాయి. అంతలో ఎవరో రైలు సంగతి ఎత్తారు. పెద్దాయన కాగితాలు సర్దుకుంటూ కోర్సు కొనసాగించాలని సిఫారసు చేస్తున్నామన్నాడు. ఇలాంటి భాగస్వామ్యాలు ఇంకా పెరగాలన్నాడు. పొడంపేట సీటు సంగతి మధులత గుక్క తిప్పుకోకుండా చెప్పింది. మంచి ఆలోచన, పరిశీలించవచ్చు అన్నాడాయన. చప్పట్లు కొట్టారు. డీన్ ఆమె చేయి పట్టుకుని ఊపాడు. ఫొటో కోసం అందరూ గోడవైపు జరిగారు. మేనేజరు పక్కన నిలబడమంటే ఆమె నిలబడింది. అందరితో పాటు నవ్వింది కూడా.

బయటికి వచ్చేసరికి బెంచీ దగ్గర ఎవరూ లేరు. సింహాచలం టీ కప్పులు తొట్టిలో వేస్తున్నాడు.

"టీ లోనికెల్తుంటే అడిగినాదమ్మా, నన్ను టీ అయ్యాక పిలుస్తారా అని. అవునన్నాను. కప్పులు బైటికొచ్చినాయి. ఇంకొంచెం సేపు కూకుంది. మరి లేసెల్లిపోనాది."

"ఏమైనా చెప్పమందా?"

"ఏటీ సెప్పనేదు. బస్సుకి బేగెల్లాలన్నాది."

మధులత గేటు దాకా చూసింది. సాయంత్రం పిల్లలు సైకిళ్ల మీద, నడిచి, గుంపులుగా బయటికి పోతున్నారు. చిలకపచ్చ చీర ఎక్కడా లేదు. లోపలినుంచి డీన్ పిలుస్తున్నాడు, అతిథులకు శాలువాలు కప్పాలట. వస్తున్నానంది.

బెంచీ మీద, జగ్గమ్మ కూచున్న చోట, గుడ్డ విప్పి పరిచి ఉంది. దాని మధ్యలో భరిణె. బస్సు కుదుపులకు కుంకుమ ఒలకకుండా మూత చుట్టూ వల దారం బిగించి చుట్టి, గట్టిగా ముడి వేసి ఉంది.