చెవి పక్కనుంచి పోయిన రాయి

ఆ సైకిల్ మెకానిక్‌ని వీధిలో అందరూ గురి మామ అనేవారు. పాత ట్యూబు కోసి కట్టుకున్న ఉండేలుతో పొదలో నక్కిన కుందేలునైనా ఒక్క రాయితో పడగొట్టేవాడు. అలాంటివాడు ఈ నెలలో ఒక్కటీ కొట్టలేదు. కాలుగాలిన పిల్లిలా కొట్టుకీ ఇంటికీ తిరుగుతున్నాడు. రబ్బరు మార్చాడు, రాళ్లు మార్చాడు, గాలిని తిట్టాడు. కళ్ల మాట మాత్రం ఎత్తలేదు.

ఆ ఉదయం భార్యను వెంటబెట్టుకుని క్వారీ వెనక పొదల్లోకి వెళ్లాడు. గడ్డి చాటున బూడిదరంగుదేదో కదలగానే రబ్బరు బలంగా లాగి వదిలాడు.

"అమ్మో! బావా, నేను!" అంటూ లేచాడు పుల్లలేరుకుంటున్న బావమరిది. కదిలింది అతని తలకు చుట్టుకున్న తువ్వాలు. రాయి చెవి పక్కనుంచి దూసుకుపోయింది.

మెకానిక్ ఉండేలు కిందికి దించాడు. "కుందేలనుకున్నాన్రా," అన్నాడు.

"ఎన్నాళ్లనుంచి కనపడట్లేదు?" అని అడిగింది భార్య.

"ఎండలు మొదలైనప్పటినుంచి."

"నాకు చెబితే నీ సొమ్మేం పోయింది?" అంటూ ఆమె ఉండేలు లాక్కుంది. ఇక ఇంటికి పద అంటుందనుకున్నాడు. ఆమె కిందికి వంగి నున్నటి రాయి ఏరుకుంది. "చెవులు బాగానే ఉన్నాయిగా. ఎక్కడ చప్పుడైతే అక్కడ చూపించు, నేను కొడతా."

అతను ఊపిరి బిగబట్టాడు. ఎడమ పక్కన ఎండుటాకులు గలగలమన్నాయి.

"ముందు మీ తమ్ముణ్ణి నా వెనక్కి రమ్మను," అన్నాడు.

ఆమె వదిలిన ఆరు రాళ్లలో ఒక్కటీ తగల్లేదు. "మోచెయ్యి ఎత్తవే, మోచెయ్యి!" అని అతను తిరిగొచ్చే దారంతా సణుగుతూనే ఉన్నాడు.