అటక మీద కుండ

ఆ అర్జీ రాసింది నేనే. పోలీసు చర్య తరువాత నైజాం నుంచి వచ్చి కోడూరులో గుడిసె వేసుకున్న ఖాసిం కుటుంబాన్ని పంపించెయ్యాలని తాసీల్దారుకు. ఊళ్లో నా దస్తూరీ బాగుంటుందని, వరసకు బావమరిదయ్యే ధర్మారావు కాగితం తెచ్చిచ్చాడు. వాళ్లు రజాకార్లని రాశాను. చూసినవాడెవడూ లేడు. ఖాసిం గిన్నెలకు కళాయి పూసుకుని బతికేవాడు. పదకొండు సంతకాలు పడ్డాయి. నాది మర్నాడు పెడతానన్నాను.

మర్నాడు పొద్దున్నే మా ప్రభావతికి వాంతులు, విరేచనాలు. ఆరేళ్ల పిల్ల. దాని తల్లి ప్రేమమ్మ రెండేళ్ల క్రితం ఇలాగే కలరాతో పోయింది. ఈ జబ్బులో నీళ్లిస్తే మనిషి దక్కదని మా వైపు నమ్మకం. ప్రేమమ్మ ఆఖరి దాకా నీళ్లడిగింది. నేను ఇవ్వలేదు.

ఇరుగుపొరుగు ఎవరూ గడప తొక్కలేదు. చర్చిలో నా పక్కన కూర్చునే జకరయ్య వీధిలోంచే ప్రార్థన చేసి వెళ్లిపోయాడు. పిల్లకు అందకుండా నీళ్లకుండ అటక మీద పెట్టి, తలుపుకు గొళ్లెం వేసి, డాక్టరు కోసం అవనిగడ్డ నడిచాను. ఆయన బందరు వెళ్లాడట. మధ్యాహ్నం దాటాక ఉత్త చేతులతో వచ్చాను.

తలుపు బార్లా తీసి ఉంది. కుండ కింద ఉంది. ఖాసిం భార్య గౌసియాబీ ప్రభావతి తల ఒళ్లో పెట్టుకుని చెంచాతో గంజి పోస్తోంది.

చెంచా లాక్కున్నాను. నా పిల్లను చంపుతావా అన్నాను.

ఆమె లేవలేదు. "పిల్ల మొత్తుకుంటుంటే ఆగలేక అచ్చిన. ఉప్పేసిన గంజి అన్నా. ముందు కక్కింది, ఇప్పుడు ఆగుతున్నది. నా పెద్దకొడుకులిద్దరికీ నీళ్లియ్యద్దన్నరు. ఇయ్యలే. మూడోవానికి ఇచ్చిన. వాడొక్కడే మిగిలిండు."

ప్రభావతి కళ్లు తెరిచింది. "నాన్నా, ఇంకొంచెం పొయ్యమను."

చెంచా ఆమెకు తిరిగి ఇచ్చాను.

పొద్దువాలేసరికి పిల్ల ఒంటేలు పోసింది. ఇక భయం లేదంది గౌసియాబీ.

ధర్మారావు సంతకానికి వచ్చి గుమ్మం బయటే ఆగాడు. "ఏం బావా, రజాకార్లను ఇంట్లోకే రానిస్తున్నావా?"

కాగితం ఇమ్మన్నాను. ఒకసారి చదివాను. అక్షరాలు చక్కగానే ఉన్నాయి. పొయ్యిలో పుల్లల కింద పెట్టి అగ్గిపుల్ల గీశాను.

"అదేంటి బావా, పదకొండు సంతకాలు."

"మళ్లీ పెట్టించుకో. రాసేవాణ్ణి కూడా వెతుక్కో."

ఆ మంట మీదే గంజి కాచాను. ఉప్పెంతో గౌసియాబీ చెప్పింది. ప్రేమమ్మ సంగతి ఆమెకు చెప్పలేదు. ప్రభావతి గిన్నె ఖాళీ చేసి మళ్లీ అడిగింది. పోశాను.